మలబార్ పునుగుపిల్లి: పాత మ్యూజియం చర్మాలను పూర్వ విస్తృతికి ఎంతవరకు సాక్ష్యంగా తీసుకోవచ్చు?

ప్రశ్న: తంగేడు

అందరికీ నమస్కారం. నేను జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చేస్తున్నాను. పశ్చిమ కనుమల్లోని చిన్న మాంసాహార జంతువులు ఒకప్పుడు ఎక్కడెక్కడ ఉండేవో చూపే పటాలు తయారు చేయడం నా ప్రాజెక్టు. మిగతా జంతువులతో పెద్ద ఇబ్బంది రాలేదు గానీ, మలబార్ పునుగుపిల్లి, అంటే వివెర్రా సివెట్టినా దగ్గర పని ఆగిపోయింది.

ఈ జంతువు సజీవంగా అడవిలో ఉన్నప్పటి ఛాయాచిత్రం ఒక్కటి కూడా నాకు కనబడలేదు. మన చేతిలో ఉన్నదల్లా లండన్, కోల్‌కతా వంటి చోట్ల ఉన్న కొద్దిపాటి చర్మాలు, పుర్రెలు, వాటికి కట్టిన చీటీలు, 19వ శతాబ్దపు ప్రకృతి శాస్త్రజ్ఞులు రాసిపెట్టిన నాలుగు మాటలు, 1987లో నిలంబూరు దగ్గరి ఎలయూరులో దొరికిన చర్మాలు. ఎడ్వర్డ్ బ్లైత్ 1862లో దీన్ని శాస్త్రానికి పరిచయం చేశాడు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) దీన్ని తీవ్రంగా అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతిగా లెక్కిస్తోంది. ఇటీవలి కెమెరా ట్రాప్ సర్వేల్లో, అంటే జంతువు ఎదుటికి రాగానే దానంతటదే ఫొటో తీసే కెమెరాలు పెట్టి చేసిన సర్వేల్లో, ఒక్కసారి కూడా పడలేదు.

నా గైడ్ గారు చీటీ మీద ఊరి పేరు ఉన్న ప్రతి నమూనానూ పటం మీద చుక్కగా పెట్టమంటున్నారు. అదే విభాగంలోని మరొక అధ్యాపకులు మాత్రం, పునుగు కోసం ఈ జంతువులను బోనుల్లో పెంచేవారు కాబట్టి చీటీ మీది ఊరు జంతువు పుట్టిన చోటే అన్న హామీ లేదనీ, అవన్నీ తీసేయాలనీ అంటున్నారు. అన్నీ ఉంచితే తప్పుడు పటం గీసినట్లవుతుందేమోనని భయం, అన్నీ తీసేస్తే ఒక జాతి చరిత్రనే తుడిచేసినట్లవుతుందేమోనని బాధ. సేకరణలతో గానీ క్షేత్రంలో గానీ పనిచేసిన పెద్దలు దారి చూపగలరా?

సమాధానం: ఇప్పపూవు

అమ్మా తంగేడు, నీ ఇద్దరు అధ్యాపకులూ చీటీని ఒకే మాటగా చదువుతున్నారు. ఒకరు దాన్ని పూర్తిగా నమ్ముతున్నారు, ఇంకొకరు పూర్తిగా కొట్టేస్తున్నారు. ఉద్యోగంలో ఉన్నంత కాలం నేను చర్మాల సొరుగుల మధ్యే గడిపాను కాబట్టి చెబుతున్నాను. ఒక నమూనాకు కట్టి ఉన్న చీటీలో వేర్వేరు కాలాల్లో, వేర్వేరు చేతులు రాసిన మాటలు ఉంటాయి. వాటిని విడదీయకుండా ఏ నిర్ణయానికీ రాకూడదు.

పాత చర్మాన్ని బయటికి తీస్తే వెనక కాలికి దారంతో కట్టిన చీటీలు రెండు మూడు కనిపిస్తాయి. అన్నిటికన్నా పాతది సేకరించినవాడు అక్కడికక్కడే కట్టినది. సిరా వెలిసి గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది, కొన్నిసార్లు తేదీ సగమే మిగులుతుంది. రెండోది మ్యూజియం వారు నమోదు సంఖ్యతో కట్టినది. ఆ తరువాత వచ్చిన ఏ పరిశోధకుడో జాతి పేరు సరిదిద్ది కట్టినది మూడోది. ఊరి పేరు మొదటి చీటీ మీద ఉందా, రెండోదాని మీద మాత్రమే ఉందా అన్నదే నువ్వు ముందు చూడవలసిన విషయం. రెండోదాని మీద మాత్రమే ఉంటే, అది నమూనా పంపినవాడి చిరునామా కావచ్చు, ఓడ ఎక్కించిన రేవు కావచ్చు, గుమాస్తా ఉత్తరం చదివి ఊహించి రాసినదీ కావచ్చు. తేదీ సంగతీ అంతే. మ్యూజియంలో చేరిన తేదీని జంతువు చనిపోయిన తేదీగా తీసుకుని ఎందరో పట్టికలు తయారు చేశారు. చీటీ ఒక్కటే చూడకు, నమోదు పుస్తకంలోని వరుస కూడా చూడు. అందులో కొనుగోలు, బహుమతి, మార్పిడి, జంతు ప్రదర్శనశాల నుంచి వచ్చినది అని విడివిడిగా రాసి ఉంటుంది. బోను జంతువుల సందేహంలో చాలా భాగం అక్కడే తేలిపోతుంది.

ఊరి పేరు నిజమైనదే అయినా అది ఎంత చోటును సూచిస్తుందో చూడాలి. "మద్రాస్" అని రాసి ఉంటే అది నగరం కావచ్చు, గంజాం నుంచి తిరునెల్వేలి దాకా వ్యాపించిన ప్రెసిడెన్సీ అంతా కావచ్చు. మలబార్ జిల్లా కూడా అప్పట్లో ఆ ప్రెసిడెన్సీలోదే గనుక, "మద్రాస్" చీటీ ఉన్న చర్మం పశ్చిమ తీరంలో దొరికినదైనా ఆశ్చర్యపోనవసరం లేదు. "మలబార్" అన్న మాటనే కొందరు జిల్లాకు వాడారు, కొందరు పడమటి తీరం మొత్తానికి వాడారు. మనకు దగ్గరి ఉదాహరణ కావాలంటే, వాల్టర్ ఇలియట్ పేరు మీద 1850లో వాటర్‌హౌస్ వర్ణించిన చెట్టు మూషికాన్ని తీసుకో. దాని మూల నమూనా, అంటే ఆ జాతిని వర్ణించడానికి ఆధారమైన నమూనా, దొరికిన చోటు కడప, నెల్లూరు మధ్య కొండలు అని ఉంది. ఆ మాట విన్న తెలుగువారికి వెలికొండలే తడతాయి, కానీ ఏ వైపు వాలు, ఎంత ఎత్తు అన్నది అందులో లేదు. అయినా అది పనికిరాని మాట కాదు. రెండు పట్టణాలకూ నడుమ ఉన్న కొండలని చెప్పడంతో వెతకవలసిన చోటు ఎంతో కుదించుకుపోయింది.

బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ 1911 నుంచి 1923 వరకు నడిపిన క్షీరదాల సర్వే చీటీలను ఒకసారి తప్పకుండా చూడు. ఊరు, ఎత్తు, తేదీ, ఆడా మగా, తలతో సహా శరీరం పొడవు, తోక, వెనక పాదం, చెవి కొలతలు, సేకరించినవాడి పేరు అన్నీ ఒకే పద్ధతిలో ఉంటాయి. అటువంటి చీటీని పక్కన పెట్టుకుంటే 1850 నాటి చీటీలో ఏమేమి లేవో వెంటనే తెలుస్తుంది.

ఇక జాతి పేరు. చీటీ మీది పేరును ఎప్పుడూ తుది మాటగా తీసుకోకూడదు, ఎందుకంటే సొరుగులో తప్పు పేరుతో పడి ఉన్న నమూనాలు ఎప్పుడూ ఉంటాయి. 1948లో ఆంగస్ హటన్ అనే తోటల సాగుదారు తమిళనాడులోని మేఘమలైలో ఒక గబ్బిలాన్ని పట్టాడు. దాన్ని మామూలు పొట్టిముక్కు పండ్ల గబ్బిలంగా లెక్కించి బొంబాయి సేకరణలో భద్రపరిచారు. 1972లో థాయ్ శాస్త్రజ్ఞుడు కిట్టి థాంగ్‌లాంగ్యా దాని పళ్లు చూశాడు. పొట్టిముక్కు గబ్బిలానికి పైనా కిందా రెండేసి జతల కొరికే పళ్లుంటే దీనికి ఒక్కొక్క జతే ఉన్నాయి, తోక కూడా లేదు. అది కొత్త జాతే కాదు, కొత్త ప్రజాతి (జాతికి పై వర్గం, జీనస్) అని తేలి సలీం అలీ పేరు పెట్టుకుంది. ఇరవై నాలుగేళ్లు సొరుగులో తప్పు పేరుతో ఉన్నా, హటన్ రాసిన ఊరు సరైనది కాబట్టే 1990లలో మళ్లీ ఆ ప్రాంతానికి వెళ్లినవారికి అది సజీవంగా దొరికింది. కాబట్టి నీ పటంలో మలబార్ పునుగుపిల్లిగా రాసి ఉన్నవే కాకుండా, దక్షిణాది నుంచి వచ్చి "పెద్ద పునుగుపిల్లి" అని మాత్రమే రాసి ఉన్న చర్మాలనూ అడిగి చూడవలసి ఉంటుంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. పాతకాలపు చర్మాలకు పురుగు పట్టకుండా ఆర్సెనిక్ కలిపిన సబ్బు పూసేవారు. చేతికి గ్లౌజులు లేకుండా, గాలి ఆడని గదిలో వాటిని ముట్టుకోకమ్మా.

సమాధానం: కొండగోగు

నేను కేరళలో ఉంటున్న తెలుగువాణ్ణి. వన్యప్రాణుల సర్వేలతో చాలాకాలంగా సంబంధం ఉంది. ఇప్పపూవు గారు చీటీల గురించి చెప్పినదాంతో ఏకీభవిస్తున్నాను. అయితే తంగేడు గారు తమ ప్రశ్నలో "నాలుగు మాటలు" అని తేల్చేసిన పాత రచనలకు ఇంకాస్త విలువ ఇవ్వాలని నా మనవి.

19వ శతాబ్దపు ప్రకృతి శాస్త్రజ్ఞుడు టి.సి. జెర్డన్ విషయమే తీసుకోండి. ఆయన కొంతకాలం మన నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసి, అక్కడి యానాదుల నుంచి జంతువుల గురించి ఎంతో నేర్చుకున్నాడు. ఆ తరువాత మలబార్ తీరంలోని తెల్లిచేరిలో ఉన్నాడు. ఈ పునుగుపిల్లి హొన్నావర్ నుంచి కన్యాకుమారి దాకా తీరమంతటా ఉందనీ, ట్రావన్‌కోర్‌లో విరివిగా ఉందనీ, తెల్లిచేరిలో తన ఇంటి దగ్గరే ఒకటి దొరికిందనీ ఆయన రాశాడు. దట్టమైన కొండ అడవుల కన్నా చెట్లు బాగా ఉన్న పల్లపు నేలల్లోనే ఎక్కువని కూడా చెప్పాడు. ఎక్కడో కలకత్తాలో కూర్చుని చర్మం చూసి రాసిన మాట కాదిది. ఇల్లు, ఊరు, నేల తీరు తెలిసినవాడు, అక్కడే ఉండి రాసినది. కాబట్టి జెర్డన్ మాటలను నమూనాలతో కలిపి చదివితే ఒక సంగతి స్పష్టమవుతుంది. ఈ జంతువు నివాసంగా చెప్పబడినది మనం ఈనాడు అభయారణ్యాలుగా కాపాడుకుంటున్న ఎగువ కొండలు కావు. తీరానికీ కనుమల పాదానికీ మధ్యనున్న సన్నని పల్లపు ప్రాంతం. ఆ ప్రాంతం ఇప్పుడు ఇళ్లు, రబ్బరు తోటలు, కొబ్బరి తోటలు, రోడ్లు.

1987 నాటి ఎలయూరు చర్మాలు నాకు అందుకే ముఖ్యంగా కనిపిస్తాయి. అవి అభయారణ్యంలో దొరకలేదు. పట్టించుకోకుండా వదిలేసిన జీడిమామిడి తోటల పరిసరాల నుంచి వచ్చాయి. అలా వదిలేసిన జీడిమామిడి తోటలో కింద కలుపు తీయరు. ముళ్లకంప, లాంటానా పొదలు నడుముల ఎత్తు పెరిగి, నేల మీద తిరిగే జంతువుకు పగలు దాక్కునే చోటు మిగులుతుంది. ఆ తోటలను నరికి రబ్బరు వేస్తే నేల అంతా శుభ్రమైపోయి ఆ చోటు పోతుంది. 1990ల మొదట్లో అష్రఫ్, అజిత్ కుమార్, జాన్‌సింగ్ ఆ ప్రాంతపు వేటగాళ్లను, రైతులను అడిగి రాసిన పరిశోధన కూడా ఈ తోటల మీదే దృష్టి పెట్టింది. కెమెరాలు ఎక్కువగా పెట్టింది ఎక్కడ, నమూనాలు చెప్పే నేల ఎక్కడ అన్నది మీ పటం మీద రెండు రంగుల్లో చూపించండి. కెమెరాలో పడలేదన్న మాటకు ఎంత బరువు ఇవ్వాలో అప్పుడే తెలుస్తుంది.

సమాధానం: మోదుగ

కొండగోగు గారి ఆవేదన నాకు అర్థమైంది, జెర్డన్ మీద గౌరవమూ ఉంది. అయినా ఇక్కడ ఒక కఠినమైన ప్రశ్నను దాటేయకూడదు. 2010లో ఆర్. నందిని, దివ్య ముదప్ప ఈ జాతి చరిత్ర మొత్తాన్నీ తిరగేసి, ఇది అసలు పశ్చిమ కనుమలకు చెందిన ప్రత్యేక జాతేనా, లేక ఆగ్నేయాసియాలోని పెద్దమచ్చల పునుగుపిల్లి వ్యాపారం ద్వారా ఇక్కడికి చేరిందా అని అడిగారు. ఆ పెద్దమచ్చల జాతిని, అంటే వివెర్రా మెగాస్పిలాను కూడా బ్లైత్ అదే 1862లో వర్ణించాడు. రెండూ చూడటానికి చాలా దగ్గరగా ఉంటాయి. అది బర్మా, థాయ్‌లాండ్, కంబోడియా, వియత్నాం వైపు ఉంటుంది. దానికీ కేరళకూ మధ్య ద్వీపకల్పంలో ఎక్కడా ఈ రకం పిల్లి జాడ లేదు. కోళిక్కోడు శతాబ్దాలుగా సముద్ర వ్యాపారపు రేవు. పునుగు ఎంత విలువైనదో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. తిరుమలలో శుక్రవారం అభిషేకానంతరం స్వామివారికి పునుగు తైలం పూస్తారు, దానికోసం టీటీడీ గోశాలలో పునుగుపిల్లులను పెంచడం మనకు తెలిసినదే. అవి ఈ జాతివి కావు గానీ, ఒక జంతువు విలువైన ద్రవ్యం కోసం బోనుల్లో ఊరూరా తిరిగే అవకాశం ఎంతో దీన్నిబట్టి ఊహించవచ్చు.

మధ్యలో అంత ఖాళీ ఉండటమే అనుమానానికి చాలునా అంటే, చాలదు. నీలగిరి మార్టెన్ అనే చిన్న మాంసాహార జంతువు పశ్చిమ కనుమల్లో ఉంటే దాని దగ్గరి బంధువు పసుపుగొంతు మార్టెన్ హిమాలయాల్లోనూ ఆగ్నేయాసియాలోనూ ఉంది. ఇటువంటి తెగిపోయిన విస్తృతులను చూసే జంతుశాస్త్రజ్ఞుడు సుందర్‌లాల్ హోరా సాత్పురా కొండల మీదుగా ఒకప్పుడు జంతువులు దక్షిణానికి దిగాయన్న వాదన చేశాడు. కాబట్టి ఖాళీ రెండు రకాలుగానూ వివరించదగినదే. అందుకే పరీక్ష అవసరం.

రెండు ప్రశ్నలను కలిపేయడం ఈ చర్చలో తరచు జరుగుతున్న పొరపాటు. జంతువు బోనులో పెరిగిందా అన్నది ఒకటి, అది సముద్రం దాటి వచ్చిందా అన్నది వేరొకటి. పక్క తోటలో పట్టి బోనులో పెట్టినా అది స్థానిక జంతువే. దాని చుక్కను పటం నుంచి తీసేయడానికి బోను ఒక్కటే కారణం కాజాలదు. మీ విభాగంలోని రెండో అధ్యాపకుల వాదనలో లోపం అక్కడే ఉంది. బోను సంగతి పుర్రె, గోళ్లు కొంత చెబుతాయి. కమ్మీలు కొరికిన జంతువు కోరపళ్లు విరిగి గానీ ఒక పక్కకు అరిగి గానీ ఉంటాయి. నేలను తవ్వని జంతువు గోళ్లు అతిగా పెరుగుతాయి. వెంట్రుకల్లోని కార్బన్, నైట్రోజన్ ఐసోటోపుల నిష్పత్తి ఆహారం ఏమిటో సూచిస్తుంది. ఏ దేశం నుంచి వచ్చిందన్న సంగతి డీఎన్ఏ చెప్పాలి. పాదం అడుగునున్న మెత్తటి చర్మం నుంచి గానీ ముక్కులోని పలుచటి ఎముకల నుంచి గానీ చిటికెడు తీసినా ఇప్పుడు సరిపోతుంది, నమూనా పాడవదు. మలబార్ చర్మాలన్నీ ఒక ప్రత్యేక శాఖగా, బర్మా, థాయ్ నమూనాల నుంచి దీర్ఘకాలంగా విడిపోయినవిగా తేలితే వ్యాపార వాదన నిలబడదు. ఒక్కొక్కటీ ఆగ్నేయాసియాలోని వేర్వేరు చోట్ల నమూనాల పక్కన వచ్చి కూర్చుంటే, మలబార్ పునుగుపిల్లి పూర్వ విస్తృతి అన్న పటమే గీయవలసిన పని ఉండదు. 1987 చర్మాలను మాత్రం ఈ పరీక్షలో మొదట పెట్టాలి. అప్పటికి ఆ పాత వ్యాపారం గతించింది గనుక, అవి దిగుమతి జంతువులనాలంటే తప్పించుకున్నవి తోటల్లో తరతరాలుగా బతికాయని కూడా ఒప్పుకోవాలి.

చీటీని నమ్మినందుకు వెతుకులాట ఎంత దూరం పక్కదారి పడుతుందో తెలియాలంటే, క్షీరదం కాకపోయినా అడవి పగిడిగంట, అంటే బ్లెవిట్ గుడ్లగూబ కథ చదవండి. ఏడు నమూనాల వల్లనే తెలిసిన ఆ పక్షికి 1914లో గుజరాత్‌లోని మాండ్వి దగ్గర దొరికినట్లు బ్రిటిష్ సైనికాధికారి, పక్షుల సేకర్త రిచర్డ్ మైనర్ట్‌జాగెన్ చీటీ ఉంది. పక్షి శాస్త్రజ్ఞులు పమేలా రాస్ముసెన్, నైజెల్ కాలర్ ఎక్స్‌రే తీసి, లోపలి దూది కూర్పును, కుట్లను పరిశీలించి, అది 1880లలో జేమ్స్ డేవిడ్సన్ సేకరించిన చర్మమని నిరూపించారు. మ్యూజియం నుంచి దొంగిలించి, విప్పి మళ్లీ కూర్చి, కొత్త చీటీ కట్టినది. ఆ దొంగ చీటీని పక్కన పెట్టి నిజమైన చీటీల ఊళ్లకు వెళ్లినప్పుడే 1997 నవంబరులో మహారాష్ట్రలోని షహాదా దగ్గర ఆ గుడ్లగూబ మళ్లీ కనిపించింది. చీటీల మీద అనుమానం పెట్టుకోవడం వల్ల ఒక జాతి చరిత్ర చెరిగిపోలేదు, ఆ జాతే మళ్లీ దొరికింది. తంగేడు గారు దీన్ని ధైర్యంగా తీసుకోవచ్చు.

తంగేడు

మీ అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. బోను, దిగుమతి వేర్వేరు ప్రశ్నలన్నది మా విభాగంలో ఎవరూ విడదీసి చెప్పలేదు. రిజిస్టరు పుటల కోసం మ్యూజియంలకు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాను. ఇంకొక సందేహం మిగిలింది. "ట్రావన్‌కోర్" అని మాత్రమే ఉన్న చర్మాన్ని పటం మీద ఎక్కడ పెట్టాలి? సాఫ్ట్‌వేర్ దాన్ని ఆ సంస్థానం మధ్యబిందువు దగ్గర చుక్కగా పెడుతోంది. అది ఒక ఎత్తైన కొండ మీద పడుతోంది.

సమాధానం: ఇప్పపూవు

ఆ చుక్కను అలా వదిలేయకమ్మా. ట్రావన్‌కోర్ దాదాపు 7,600 చదరపు మైళ్ల సంస్థానం. దాని మధ్యబిందువు ఏ జంతువుకూ నివాసమని ఎవరూ చెప్పలేదు. చుక్కకు బదులు మధ్యబిందువు చుట్టూ సంస్థానపు చివరి హద్దు దాకా వ్యాసార్ధం ఉన్న వృత్తం గీయి, లేదా నేరుగా సంస్థానపు పాత సరిహద్దునే గీతగా చూపు. వ్యాసార్ధం విలువను పట్టికలో ప్రత్యేకమైన గడిలో రాసి ఉంచు. "తెల్లిచేరి" అని ఉన్నదానికి కొద్ది కిలోమీటర్ల వృత్తం చాలు. ఎత్తు, వర్షపాతం వంటి లెక్కలతో విస్తృతిని అంచనా కట్టేటప్పుడు చిన్న వృత్తాలున్న వాటినే వాడు. పెద్ద వృత్తాలను పటం మీద చూపించు కానీ లెక్కలోకి తేవద్దు. లేకపోతే పల్లపు జంతువుకు కొండ వాతావరణం అంటగట్టి, వెతకవలసిన వారిని కొండ మీదికి పంపినట్లవుతుంది.

మరొక పని. పునుగుపిల్లి చర్మం పంపిన సేకర్తలు అదే ఊరి నుంచి, అదే కాలంలో పంపిన ఇతర చిన్న మాంసాహారుల జాబితా కూడా తయారు చెయ్యి. ముంగిసలు, మానుపిల్లులు, చిన్న పునుగుపిల్లులు ఎన్నో పంపినచోట ఇది లేకపోతే, ఆ లేకపోవడానికి కొంత అర్థం ఉంది. ఎవరూ ఏమీ సేకరించని తాలూకాలో లేకపోతే దానికి ఏ అర్థమూ లేదు. సేకర్తలు రైలు మార్గాల వెంట, తోటల బంగళాల చుట్టూ, వేసవి విడిదుల దగ్గరే ఎక్కువగా తిరిగారు. ఉత్తరాలకు జవాబులు వచ్చాక ఆ రిజిస్టరు పుటలను ఇక్కడ పెట్టు. పాత చేతిరాతలు చదవడంలో సాయం చేస్తాను.

సమాధానం: కొండగోగు

ఇటువైపు ఊళ్ల పాత పేర్లు, ఇప్పటి పేర్లు సరిపోల్చడానికి నేనున్నాను. "హొనోర్" అని కనబడితే అది కర్ణాటకలోని హొన్నావర్, "కాన్ననూర్" అంటే కన్నూర్. ఎలయూరు చుట్టుపక్కల మిగిలిన జీడిమామిడి తోటల హద్దులు ఉపగ్రహ చిత్రాల మీద గీసి ఉంచాను, మీ పటానికి పనికివస్తే పంపిస్తాను.